చిన్నోడు లేస్తే పెద్దది గూడ లేస్తుంది, రాత్రి ఇద్దర్ని ఎట్ల పండవెట్టాలె?

మిషన్ అమ్మ, మిర్యాలగూడ

అక్కలు, చెల్లెళ్ళు, జర ఓపికతోని చదువుండ్రి, పెద్దగనే రాస్తున్న, ఒక్క చేత్తోని టైప్ చేస్తున్న గాబట్టి తప్పులుంటే ఏమనుకోకుండ్రి, ఇంకో చెయ్యి చిన్నోని తల కింద ఉంది.

మాకు పాప, బాబు. పాపకు రెండున్నర ఏండ్లు, బాబుకు మొన్ననే నాలుగు నెలలు నిండినయ్. మా ఆయనది రైస్ మిల్లుల పని, యాసంగి వడ్లు దిగుతున్నయ్ గదా ఇగ నైట్ డ్యూటీలే, రాత్రి ఎనిమిదిన్నరకు పోతే పొద్దుగాల ఏడింటికి వచ్చి పడ్తడు. నేను ఇంట్లనే మిషన్ కుడ్త, పెండ్లిళ్ళ సీజన్, జాకెట్లు కుప్ప పడ్డయ్, గది వేరే కథ.

అసలు సంగతి ఏందంటే, మూడున్నర నెలల సూది ఏపిచ్చేదాంక బాబు మంచిగనే పండుకునేటోడు, తొమ్మిదింటికి పండితే రెండింటికి ఒకసారి, మళ్ళ ఐదింటికి. సూది ఏపిచ్చినంక రెండు దినాలు జ్వరం వచ్చింది, తగ్గింది, గని గప్పటిసంది నిద్ర పాడైంది. గంటన్నరకోసారి లేస్తుండు, రెండు నిమిషాలు పాలు తాగుతడు మళ్ళ కండ్లు మూస్తడు, కింద పెడితే లేస్తడు. పగలేమో పాలు తాగమంటే తాగడు, ఫ్యాన్ చూస్తడు, అక్కను చూస్తడు, మిషన్ సప్పుడు వింటడు.

మా అత్తమ్మ ఏమంటదంటే నీకు పాలు సాల్తలేవు, గందుకే లేస్తుండు, రాత్రి పూట డబ్బ పాలు పట్టియ్యి మంచిగ కడుపు నిండి పండుకుంటడు అని. ఎండలు మండుతున్నయ్ పిల్లగానికి దూపైతది, రెండు చెంచాల నీళ్ళన్న పొయ్యి అని ఇంకోటి. ఆమె మంచిదే, కోపంతోని అంటలేదు, గని రోజూ వింటుంటే నాకే అనుమానం పట్టింది.

ఇంక పెద్దదాని ముచ్చట. దానికి పాలు మాన్పించి పది నెలలైంది, బాబు కడుపుల పడి మూడో నెల వచ్చినప్పుడు మా అమ్మ ఏపాకు నూరి రాసింది, నాలుగు దినాలు ఏడ్చి మానేసింది. ఇప్పుడు తమ్ముడు తాగుతుంటే వచ్చి నాకు గూడ అంటది. పగలు ఎట్లనో మాటల్ల పెట్టి మరిపిస్త. రాత్రి మాత్రం తమ్ముడు కుయ్ అంటే ఇది లేచి కూసుంటది. నేను అటు మర్రి వానికి పాలిస్తుంటే ఇది నా ఈపు మీద గుద్దుకుంట "అమ్మా నీ ఈపు నాకొద్దు, మొకం కావాలె" అంటది. మొన్న రెండింటికి గిట్లనే అన్నది, నాకు ఏడుపొచ్చింది, వాడు గూడ ఏడ్చిండు, ముగ్గురం ఏడ్చినం.

ఇంకోటి మరిచిన. బాబును ఎప్పుడు ఎడమ దిక్కే పండవెడ్త, కుడి దిక్కు పాప ఉంటది, ఒళ్ళు అలసి పండుకొనే ఎడమ దిక్కు తాపుతున్న, కుడి దిక్కు పాలు గడ్డ కట్టినట్టు గట్టిగయింది, ముట్టుకుంటే నొప్పి. ఎవరన్న ఇద్దరు చిన్న పిల్లల్ని ఒక్కదాన్నే చూసుకున్నోళ్ళు ఉంటే చెప్పుండ్రి, ఎవరు ఏ దిక్కు పండాలె?

దేవరకొండ వదినె

ముందుగాల ఒక్కటే అడుగుత చెల్లె, దినానికి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తుండు? ఇరవై నాలుగు గంటల్ల ఆరు సార్లకు తక్కువ కాకుండ బట్టలు తడుపుతుంటే, ఉచ్చ పచ్చగ కాకుండ తెల్లగ ఉంటే పాలు సాలుతున్నయ్ అన్నట్టే, ఎవ్వరేమన్న నమ్మకు. బరువు తూపిచ్చినవా? అంగన్‌వాడీల తూకం ఉంటది, తల్లీపిల్లల కార్డుల గీత మీద చుక్క పెడ్తరు, గా చుక్క పైకి పోతుందా లేదా చూడు. మీ అత్తమ్మను గూడ తోల్కపో, ఆమె కండ్ల ముందటనే తూపియ్యి. నేను మా అత్తమ్మను గట్లనే తోల్కపోయిన, ముల్లు చూసినంక ఒక నెల సప్పుడు చెయ్యలే. ఒక నెలనే లే.

నాకు ముగ్గురు. మధ్యదానికీ చిన్నదానికీ ఏడాదిన్నర తేడా. రెండేండ్లు నేను నిద్ర పోయిన అని చెప్తే అబద్ధం.

ఇంగ అంగన్‌వాడీల ఆరోగ్యలక్ష్మి భోజనం తింటున్నవా లేదా? పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, కడుపుతోని ఉన్నోళ్ళకు, బాలెంతలకు పెడ్తరు. 2015 నుంచి ఉంది, గని మా దిక్కు సగం మంది బాలెంతలు బయట తిరగొద్దని ఇంట్లనే కూసుంటరు. పాలిచ్చేదానికి ఆకలి ఎక్కువైతది, ఉత్త కారం మెతుకులు తిని ఇద్దర్ని సాకలేవు.

బెంగళూరుల ఉన్న నల్లగొండ అమ్మాయి

సిస్టర్ నేను కొంచెం డిఫరెంట్‌గా చెప్తా, తిట్టొద్దు. మా పాపకు ఐదో నెలలో స్లీప్ ట్రైనింగ్ చేశాం. ఒకే టైంకి స్నానం, లైట్ ఆఫ్, పక్క మీద వేసి బయటకి వచ్చేయడం, ఏడ్చినా పది నిమిషాలు ఆగి వెళ్ళడం. నాలుగు రోజులు నరకం, తర్వాత తనే పడుకుంది. నువ్వు కుయ్ అనగానే పాలిస్తున్నావు కాబట్టి బాబుకి పాలు లేకుండా నిద్రపోవడం రావట్లేదేమో. రాత్రి ఒక్క బాటిల్ ఇస్తే కొంపలేం మునిగిపోవు, నువ్వు మనిషిలా ఉండటం కూడా ముఖ్యం కదా.

దేవరకొండ వదినె

నీకు వేరే రూమ్ ఉంది గాబట్టి బయటికొచ్చినవ్ చెల్లె. ఒక్క అర్రల ముగ్గురు పండేకాడ పది నిమిషాలు ఏడ్వనిస్తే పెద్దది లేస్తది, పక్కింటోళ్ళు లేస్తరు, అత్తమ్మ లేచి ఎత్తుకుంటది, ఇగ ట్రైనింగ్ ఎవరికైనట్టు?

బెంగళూరుల ఉన్న నల్లగొండ అమ్మాయి

హహ అది నిజమే అక్కా. ఒక్క రూమ్‌లో అవదు. కానీ రోజూ ఒకే టైం, ఒకే పద్ధతి అన్నది మాత్రం పనిచేస్తుంది, అది వదలొద్దు.

మునుగోడు బిడ్డ

డబ్బ పాల ముచ్చట వచ్చింది గాబట్టి ఒకటి చెప్పాలె. మాది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్ళ గురించి మాకు ఎవరు చెప్పాల్సిన పని లేదు, మా పెద్దనాయిన నడుం వంగిపోయి కట్టె పట్టుకొనే నడిచేటోడు, మా బడిల సగం మందికి పండ్ల మీద పసుపు మచ్చలు. ఇప్పుడు కృష్ణ నీళ్ళు నల్లాలకు వస్తున్నయ్, మంచిదే, గని నల్లా రానినాడు ఏం చేస్తరు, బోరు నీళ్ళే పడ్తరు. పాలపొడి కలిపేది నీళ్ళల్లనే గదా. మరగబెడితే పోతది అనుకుంటరు, పురుగు చస్తది గని ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరితే ఇంక చిక్కగయితది. అదే తల్లి ఏ నీళ్ళు తాగినా పాలల్లకు ఫ్లోరైడ్ మస్తు తక్కువ దిగుతది. మా దిక్కు నర్సమ్మ గిదే చెప్పేది.

మీది మిర్యాలగూడ, సాగర్ కాలువ దిక్కు, మీ నీళ్ళు వేరే ఉండొచ్చు. గని డబ్బ తెచ్చేముందు ఏ నీళ్ళల్ల కలుపుతున్నవో చూసుకో. డబ్బ పాలు తాగిన పిల్లలు ఏం ఖరాబు కాలే, తప్పనప్పుడు తప్పదు. గా డబ్బ మీదనే తల్లిపాలే మేలు అని రాసి ఉంటది, చట్టం పెట్టి రాపిచ్చిండ్రు, 1992ల వచ్చిన చట్టం. అమ్మేటోడే గట్ల రాసి అమ్ముతుండు, మీ అత్తమ్మకు చదివి వినిపియ్యి.

నాగర్‌కర్నూల్ స్టాఫ్ నర్స్

నేను ప్రసూతి వార్డులో పనిచేస్తా, నాకూ ఇద్దరు పిల్లలే, అందుకే రెండు నోళ్ళతో మాట్లాడతా.

సూది వల్ల నిద్ర పాడవలేదమ్మా. సూది జ్వరం ఒకటి రెండు రోజులే, అది నీకు వచ్చి పోయింది. సరిగ్గా అదే వయసులో, మూడున్నర నాలుగు నెలలకి, పిల్లల నిద్ర తీరే మారుతుంది, మనలాగ తేలిక నిద్ర, గాఢ నిద్ర విడివిడిగా రావడం మొదలవుతుంది, తేలిక నిద్రలోకి వచ్చినప్పుడల్లా లేస్తారు. సూదీ అప్పుడే పడుతుంది కాబట్టి నింద దాని మీదికి పోతుంది. తొమ్మిదో నెల సూది మాత్రం ఈ భయంతో ఎగ్గొట్టకు.

పగలు తాగట్లేదు అన్నావు కదా, అసలు సంగతి అక్కడే ఉంది. ఈ వయసులో పిల్లలకి లోకం కనిపించడం మొదలవుతుంది, పగలంతా చూస్తూ తాగడం మరిచిపోయి ఆ బాకీ రాత్రి వసూలు చేస్తారు. పగలు రెండు మూడు సార్లన్నా మిషన్ ఆపి, తలుపు దగ్గరికేసి, చీకటి గదిలో పడుకొని తాపు. పాపని ఆ టైంలో మీ అత్తమ్మ ఆకిట్లోకి తీసుకుపోవాలి.

రాత్రి పాలు ఆపకు. పాలు తయారు చేయించే హార్మోను రాత్రి పూటే ఎక్కువ ఉంటుంది, రాత్రి తాపడం ఆపి డబ్బా పడితే వారం పది రోజుల్లో పాలు నిజంగానే తగ్గుతాయి, అప్పుడు మీ అత్తమ్మ మాట నిజమైపోతుంది. వార్డుకి వచ్చేవాళ్ళలో ఈ కథ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నీళ్ళు కూడా వద్దు, ఆరు నెలలు నిండేదాకా ఈ ఎండల్లో కూడా వద్దు. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్ళే. దూప నీకు అవుతుంది, తాపిన ప్రతిసారీ ఒక చెంబు నీళ్ళు నువ్వు తాగు. ఎవరన్నా వస కొమ్ము తేనెలో అరగదీసి నాకించమంటే అది కూడా వద్దు, ఏడాది నిండనిది తేనె ప్రమాదం.

కుడి రొమ్ము సంగతి ఈరోజే చూసుకో. నొప్పి ఉందని ఆ దిక్కు ఆపితేనే ఎక్కువవుతుంది. ముందు కుడి దిక్కే తాపు. గట్టిగా పిసకొద్దు, తాపిన తర్వాత చల్లని తడిబట్ట వేసుకో. చలి జ్వరం వచ్చినా, ఎర్రగా వేడిగా అయి ఒక రోజులో తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి పో, అప్పుడు కూడా పాలు ఆపే పని లేదు.

పండుకునే తీరు. బాబుని నీకూ పాపకీ మధ్యలో అసలు వేయకు, నిద్రలో పెద్ద పిల్ల కాలు ముఖం మీద పడొచ్చు. నేల మీద పండుకుంటారు అనుకుంటా, నీ పక్కనే వానికి వేరే చిన్న పక్క, గట్టిది, మెత్త పెట్టకు, వెల్లకిలా వెయ్యి, ముఖం దగ్గర బొంతలు, చీరకొంగులు ఉండొద్దు. గోడకి ఆనించి కూడా వెయ్యకు, సందులో ఇరుక్కుంటారు. అన్నిటికంటే ప్రమాదం కుర్చీలోనో సోఫాలోనో కూర్చొని పాలిస్తూ తూగడం, అట్లా కునుకు వచ్చేటట్టు ఉంటే నేల మీదికి దిగి పండుకునే తాపు. తొట్లెలో పగలు కళ్ళ ముందు ఉంటే సరే, అడ్డం కర్ర పెట్టి చీర వెడల్పు చెయ్యి, గడ్డం ఛాతీకి ఆనొద్దు. రాత్రంతా మాత్రం తొట్లెలో వద్దు. మీ పాప ఊపే వయసులో ఉంది, అది ఇంకో భయం.

చివరకి నీ సంగతి. ఏడుపొచ్చింది అన్నావు, ఒకనాడు రావడం వేరు. పిల్లలు పండుకున్నా నీకు నిద్ర పట్టకపోతే, రోజూ ఏడుపొస్తే, దేని మీదా మనసు లేకపోతే దాచుకోకు, పీహెచ్‌సీలో చెప్పు, లేదంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అది, మనసు బాగోలేనివాళ్ళ కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కావు.

పాలమూరు చేనుగట్టు

నర్సమ్మ అన్ని చెప్పింది, పెద్దదాని సంగతి ఒక్కటి నేను చెప్త.

మాది నారాయణపేట దిక్కు. మా అమ్మ బొంబాయి వలస పోయినప్పుడు నేను మూడేండ్లదాన్ని, తమ్ముడు చంటోడు. బిల్డింగ్ పని కాడ వేపచెట్టుకు చీర తొట్లె కట్టేది, నేను దాని కింద కూసొని ఊపేది. సిమెంటు చేతులు కడుక్కొని వచ్చి తాపేది, మేస్త్రీ ఒర్రుతుంటే మళ్ళ ఉరికేది. రాత్రి రేకుల గుడిసెల పండుకునేది. మా అమ్మ ఏం చేసేదంటే నన్ను పక్కన గాదు, తన తలాపు దిక్కు అడ్డంగ పండవెట్టేది. అంటే మా అమ్మ నిలువు, నేను ఆమె నెత్తి కాడ అడ్డం. ఆమె ఇటు మర్రినా అటు మర్రినా చెయ్యి పైకి చాపితే నా నెత్తి మీద పడేది. ఈపు అన్నది నాకు ఎన్నడు కనపడలే. ఇప్పటికీ మా అమ్మ ఎంటికల కొబ్బరినూనె వాసన నాకు యాదికుంది.

నాకు ఇద్దరు పుట్టినంక నేనూ గదే చేసిన. పెద్దోన్ని తలాపుకు అడ్డం. అప్పుడు చిన్నోని పక్క ఒక పూట ఎడమకు, ఒక పూట కుడికి జరుపుకోవచ్చు, నీ గడ్డ ముచ్చట గూడ ఒడుస్తది. మొదటి రెండు రాత్రులు పెద్దది కిందికి జారుకుంట వస్తది, వచ్చినా నీ ఈపు దిక్కే ఆపు, చిన్నోని దిక్కు పోనియ్యకు.

పాలు అడిగితే గూడ బుగులు పడకు. ఒకసారి నోట్ల పెట్టుకోనియ్యి, పది నెలలైంది గదా తాగుడే మరిచి ఉంటది, ఎంగిలి చేసి నవ్వుకుంట పోతది. ముందు చిన్నోడు తాగాలె, తర్వాత అది, అంతే. మా పెద్దోడు రెండు సార్లు నోట్ల పెట్టుకొని "ఛీ వేడిగున్నయ్" అన్నడు.

సూర్యాపేట నాయిన

మగోన్ని, ఈ ముచ్చట్ల రావొచ్చో లేదో. నాది గూడ నైట్ డ్యూటీనే. ఎనిమిదిన్నరకు పోతడు అంటే ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాంక మీ ఆయన ఇంట్లనే ఉంటడు గదా, గా గంట బాబును ఎత్తుకొని వాడకట్టు తిరిగి రమ్మను. గా గంటల నువ్వు పాప దిక్కు మొకం పెట్టి దాన్ని ఒక్కదాన్నే పండవెట్టు. మేము గట్లనే చేసినం. పొద్దుగాల వచ్చినంక మగోడు పండాలె అది నిజమే, గని పక్క ఎక్కేముందు పిల్లగాన్ని ఒక అరగంట పట్టుకుంటే సచ్చిపోడు.

మిషన్ అమ్మ, మిర్యాలగూడ

అందరికి పేరు పేరున చెప్పాలనుంది గని టైం లేదు. పది దినాలైంది, ఏమైందో రాస్త.

అత్తమ్మను తోల్కపోయి తూపిచ్చిన. పుట్టినప్పుడు 2.8 కిలోలు, సూది నాడు 5.6, ఇప్పుడు 6.1. అంగన్‌వాడీ టీచర్ మంచిగున్నడు అన్నది. అత్తమ్మ ముల్లు దిక్కు చూసింది, తూకం ఖరాబైందేమో అన్నది. గని నీళ్ళు పొయ్యి అనుడు బంద్ చేసింది, డబ్బ ముచ్చట వారానికి ఒకసారికి దిగింది.

కుడి దిక్కు గడ్డ మూడు దినాలల్ల మెత్తవడ్డది, జ్వరం రాలే.

తలాపు అడ్డం పని చేసింది అక్కా, పాలమూరు అక్కకు దండం. మొదటి రాత్రి పాప గుండ్రంగ తిరిగి నా మొకం మీద కాలు పెట్టి పండింది, రెండో రాత్రి గదే, మూడో రాత్రి నుంచి నా ఎంటికలు పిడికిట్ల పట్టుకొని పండుకుంటుంది, వదిలిపిచ్చుకుంటే లేస్తది, గందుకే జడ ఏసుకొని జడ కొస ఇస్తున్న. పాలు ఒకసారి అడిగింది, ఇచ్చిన, నాలుకతోని ముట్టి "తమ్మునియి" అన్నది, దిగిపోయింది. మళ్ళ అడగలే.

మా ఆయన సాయంత్రం తిప్పుకొస్తుండు, నాలుగు దినాలు తిప్పిండు, రెండు దినాలు తిప్పలే, మిల్లుల లారీలు జల్ది వచ్చినయ్ అంట.

బాబు ఇంక రాత్రి మూడు సార్లు లేస్తనే ఉండు. ఇంతకుముందు ఆరు సార్లు. పగలు చీకటి అర్రల తాపుతున్న, కరెంటు పోయినప్పుడైతే ఇద్దరం చెమటల్ల నాని లేస్తున్నం. పొద్దుగాల ఐదింటికి పాలు తాగినంక అత్తమ్మ వాన్ని ఎత్తుకొని ఆకిట్ల కూసుంటుంది, ఏడింటి దాంక నాకు ఖాళీ. ఏమైందంటే గా రెండు గంటలు నాకు నిద్ర వస్తలేదు, కండ్లు మూస్తే కుప్పవడ్డ జాకెట్లే కనపడ్తున్నయ్, ఇయ్యాల లేచి రెండు చేతులు అతికిచ్చిన.

దేవరకొండ వదినె

మిషన్‌కు తాళం ఏసి చెవి మీ అత్తమ్మకియ్యి.

మిషన్ అమ్మ, మిర్యాలగూడ

ఆమె జాకెట్టే ముందుగాల కుట్టాల్నంట వదినె 😭